జానపద ధ్వనిముద్రణల డిజిటలీకరణ: విద్యుత్ హమ్ - కారణాలు, నివారణ మార్గాలు

వ్యాససంగ్రహం:

క్షేత్రపర్యటనల్లో సేకరించిన జానపద గేయాలు, కథాగానాలు, మాండలిక సంభాషణలు నేటికీ అనేకమంది పరిశోధకుల ఇళ్లలో ఆడియో క్యాసెట్ల రూపంలో నిలిచి ఉన్నాయి. వాటిని ఇంట్లోని టేప్ డెక్, ఆంప్లిఫయర్, ల్యాప్‌టాప్‌ల సహాయంతో డిజిటలీకరించేటప్పుడు ఎదురయ్యే ప్రధాన సమస్య ‘హమ్’. ఇంటి విద్యుత్ సరఫరా వల్ల పుట్టే ఈ గుంయ్‌మనే ధ్వని అన్ని సందర్భాల్లోనూ ఒకే కారణంతో పుట్టదు. ట్రాన్స్‌ఫార్మర్ కంపించడం, దాని అయస్కాంత క్షేత్రం, ఎర్తు వలయం, పాతబడిన కెపాసిటర్లు, మూల ధ్వనిముద్రణ అనే ఐదు మూలాలను వేరుచేసి గుర్తించే పద్ధతినీ, ఒక్కొక్కదానికి తగిన నివారణనూ వివరించడం, హమ్‌ను తొలగించే తొందరలో భాషా సమాచారం నష్టపోకుండా తీసుకోవలసిన జాగ్రత్తలను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: హమ్, ట్రాన్స్‌ఫార్మర్, ఎర్తు వలయం, డిజిటలీకరణ, జానపద గేయం, మాండలికం, నాదత్వం.

1. ఉపోద్ఘాతం:

కాంపాక్ట్ క్యాసెట్ 1963లో రూపొందింది. తరువాతి దశాబ్దాల్లో అది చౌకగా దొరకడంతో జానపద సాహిత్య పరిశోధనకు ముఖ్యమైన సాధనమైంది. బుర్రకథ, ఒగ్గుకథ, జముకుల కథ, దంపుళ్ల పాటలు, పెండ్లి పాటలు మొదలైనవి కాగితం మీదికి ఎక్కకముందు టేపు మీదికి ఎక్కాయి. సిద్ధాంత గ్రంథాల్లో పాఠం మాత్రమే అచ్చయింది. పాడినవారి గొంతు, గుక్క, ఊత పదాలు, వంతపాట, శ్రోతల స్పందన అన్నీ క్యాసెట్లోనే మిగిలాయి. పాడినవారిలో చాలామంది నేడు లేరు. కాబట్టి ఆ క్యాసెట్టు ఆ గానానికి ఏకైక సాక్ష్యం.

డిజిటలీకరణకు వృత్తిపరమైన స్టూడియో అందరికీ అందుబాటులో ఉండదు. పని ఎక్కువగా ఇళ్లలోనే జరుగుతుంది. అలా తయారైన ఫైళ్లలో పాట వెనుక ఎడతెగని గుంయ్‌మనే మోత వినిపిస్తే, “పాత టేపు కదా!” అని సరిపెట్టుకోవడం పరిపాటి. కాని ఆ మోత టేపులో లేకుండా, డిజిటలీకరణ జరిగిన రోజున చేరినదై ఉండవచ్చు. పాత టేపును ఎన్నిసార్లు నడిపితే అంతగా అరుగుతుంది. మళ్లీ నడిపించే అవకాశం ఉంటుందో లేదో తెలియదు. అందువల్ల మొదటిసారే శుభ్రంగా ఎక్కించుకోవడం అవసరం.

2. హమ్ స్వరూపం:

2.1 ఇంటికి వచ్చే విద్యుత్తు 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. అది సెకనుకు 50 సార్లు ఆవృత్తమవుతుంది, అంటే దాని పౌనఃపున్యం 50 హెర్ట్జ్. ఈ 50, దాని గుణిజాలైన 100, 150, 200 హెర్ట్జ్ ధ్వనుల సముదాయమే హమ్. అమెరికాలో సరఫరా 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడి హమ్‌లో 60, 120, 180 హెర్ట్జ్ ధ్వనులుంటాయి.

2.2 తెలుగులోని ధ్వన్యనుకరణ పదాలు ఈ సందర్భంలో బాగా ఉపకరిస్తాయి. లోతుగా, నిలకడగా సాగేది ‘గుంయ్’. పదునుగా, చెవిని గీరినట్లు వచ్చేది ‘జుయ్’. 50, 100 హెర్ట్జ్‌ల ధ్వని ప్రధానంగా ఉంటే గుంయ్‌మంటుంది. పై గుణిజాలు ఎక్కువైనప్పుడు జుయ్‌మంటుంది. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్లు, లైట్ డిమ్మర్లు, నాణ్యతలేని ఎల్.ఇ.డి. బల్బులు సాధారణంగా రెండో రకం ధ్వనికి కారణమవుతాయి. చెవికి తెలిసే ఈ తేడా కారణాన్వేషణలో తొలి ఆధారం.

2.3 సంగీత దృష్టితో చూసినా హమ్ ఉపేక్షించదగినది కాదు. ఒకటో శ్రుతిలో పాడే పురుషగాయకుని ఆధార షడ్జం సుమారు 131 హెర్ట్జ్. దాని మంద్ర పంచమం సుమారు 98 హెర్ట్జ్. హమ్‌లోని 100 హెర్ట్జ్ ధ్వని ఈ పంచమానికి అతి చేరువగా, కొంచెం హెచ్చుగా ఉంటుంది. పాట వెనుక శ్రుతి తప్పిన తంబురా మోగుతున్నట్లు తోచడానికి ఇదే కారణం.

2.4 భాషాశాస్త్ర దృష్టిలో నష్టం ఇంకా ఎక్కువ. గ, జ, డ, ద, బ వంటి నాద స్పర్శాలను పలికేటప్పుడు నోరు మూసుకొని ఉన్న క్షణంలో కూడా కంఠతంత్రులు కంపిస్తాయి. ధ్వనిచిత్రంలో ఆ కంపనం అడుగుభాగాన సన్నని పట్టీలా కనిపిస్తుంది. క, చ, ట, త, ప లలో ఆ పట్టీ ఉండదు. పురుష స్వరంలో ఈ పట్టీ ఉండే చోటే 100 హెర్ట్జ్ హమ్ కూడా ఉంటుంది. హమ్ బలంగా ఉన్న ఫైలులో శ్వాస స్పర్శాల నిశ్శబ్దం కూడా నిండిపోయి, ‘ప’కార విరామం ‘బ’కార విరామంలా కనిపించే ప్రమాదం ఉంది. స్వరస్థాయిని లెక్కించే సాఫ్ట్‌వేర్ మాటల నడుమ మౌనానికి కూడా 100 హెర్ట్జ్ అని చూపవచ్చు. మాండలికంలో పరుషాలు సరళాలుగా మారడాన్ని పరిశీలించేవారికి ఇది చిన్న విషయం కాదు.

3. హమ్ పుట్టే ఐదు మూలాలు:

3.1 ట్రాన్స్‌ఫార్మర్ యాంత్రిక కంపనం: ట్రాన్స్‌ఫార్మర్ గర్భంలో పలుచని ఉక్కు రేకుల దొంతర ఉంటుంది. అయస్కాంతత్వం ఎక్కినప్పుడల్లా ఆ రేకుల పొడవు అత్యల్పంగా మారుతుంది. ఒక ఆవృత్తంలో అయస్కాంతత్వం రెండుసార్లు, ఒకసారి ఒక దిశలో, మరొకసారి ఎదురు దిశలో, శిఖరానికి చేరుతుంది. అందుచేత కంపనం సెకనుకు 100 సార్లు జరుగుతుంది. రేకులు వదులైనా, బిగింపు మరలు సడలినా, ఈ కంపనం పెట్టె రేకుకు పాకి పెద్దదవుతుంది.

3.2 ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం: ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ కొంత అయస్కాంత క్షేత్రం బయటికి వెలువడుతుంది. టేప్ డెక్‌లోని ప్లేబ్యాక్ హెడ్ అనేది ఒక తీగచుట్ట. టేపు మీది సూక్ష్మమైన అయస్కాంత ముద్రలను పసిగట్టడానికి తయారైన ఆ చుట్ట పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ క్షేత్రాన్ని కూడా అంతే శ్రద్ధగా గ్రహిస్తుంది.

3.3 ఎర్తు వలయం: ఆంప్లిఫయర్, ల్యాప్‌టాప్ ఛార్జర్ రెండూ మూడు పిన్నుల ప్లగ్గులతో వేర్వేరు సాకెట్లకు కలిపి ఉన్నప్పుడు రెంటికీ ఎర్తు తీగ ద్వారా ఒక సంబంధం ఏర్పడుతుంది. ఆడియో కేబుల్ పైతొడుగు ద్వారా రెండో సంబంధం ఏర్పడుతుంది. ఈ రెండూ కలిసి ఒక వలయమవుతాయి. రెండు సాకెట్ల ఎర్తుల మధ్య ఉన్న స్వల్ప వోల్టేజీ భేదం వల్ల కేబుల్ పైతొడుగులో విద్యుత్తు ప్రవహించి, పాటతో కలిసిపోతుంది. కేబుల్ టీవీ తీగ కూడా అదే వ్యవస్థకు కలిసి ఉంటే అది మరో ఎర్తు సంబంధంగా పనిచేస్తుంది.

3.4 పాతబడిన కెపాసిటర్లు: పరికరం లోపల ఏకాంతర విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మార్చినప్పుడు సెకనుకు 100 అలలు మిగులుతాయి. వాటిని చదును చేసేవి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. దశాబ్దాలు గడిచేసరికి అవి ఎండి సామర్థ్యం కోల్పోతాయి. అప్పుడు 100 హెర్ట్జ్ అలలు నేరుగా ధ్వనిలోకి చొరబడతాయి.

3.5 మూల ధ్వనిముద్రణ: పాట సేకరించిన నాడు టేప్ రికార్డర్‌ను అడాప్టర్‌తో నడిపి ఉంటే, లేదా మైకు తీగ కరెంటు తీగల పక్కగా సాగి ఉంటే, హమ్ టేపు మీదే ముద్రితమై ఉంటుంది.

4. మూలాన్ని గుర్తించే పరీక్షలు:

మందు కంటే ముందు రోగనిర్ణయం అవసరం. కింది పరీక్షలకు పనిముట్లు అక్కరలేదు. పెట్టెలు విప్పవలసిన పని కూడా లేదు. ల్యాప్‌టాప్ స్పీకర్లు చిన్నవి కావడం వల్ల 50 హెర్ట్జ్ ధ్వనిని దాదాపు వినిపించలేవు. కాబట్టి మంచి హెడ్‌ఫోన్లు వాడాలి, లేదా సాఫ్ట్‌వేర్‌లో ధ్వని వర్ణపటాన్ని చూడాలి.

4.1 స్పీకర్లు, హెడ్‌ఫోన్లు తీసివేసి పెట్టెకు చెవి దగ్గరగా పెట్టాలి. మోత పెట్టె నుంచే వస్తుంటే అది యాంత్రిక కంపనం. తీగ ద్వారా ఎక్కించే రికార్డింగులో ఆ మోత పడదు. దాన్ని చూసి ఫైలు చెడిందని భావించనవసరం లేదు.

4.2 హెడ్‌ఫోన్లలో హమ్ వినిపిస్తుండగా టేపును ఆపాలి. హమ్ కూడా ఆగిపోతే అది టేపులో ఉన్నట్లు తోస్తుంది. అయితే టేపు ఆగినప్పుడు కొన్ని డెక్‌లు ధ్వనిని తామే మూసివేస్తాయి. అందుచేత ఖాళీ క్యాసెట్ నడిపి కూడా చూడాలి. ఖాళీ క్యాసెట్‌లో కూడా అదే హమ్ ఉంటే దోషం పరికరాలది. వేగం మార్చే సౌకర్యమున్న డెక్ అయితే ఇంకా సులభం. వేగంతోపాటు స్థాయి మారే హమ్ టేపులోనిది, మారనిది పరికరాలది.

4.3 ల్యాప్‌టాప్ ఛార్జర్‌ను సాకెట్ నుంచి తీసి బ్యాటరీ మీద నడపాలి. హమ్ మాయమైతే ఎర్తు వలయమే కారణం. కేబుల్ టీవీ తీగను కూడా ఇలాగే విడదీసి పరీక్షించాలి.

4.4 డెక్‌ను ఆంప్లిఫయర్, స్టెబిలైజర్, అడాప్టర్ల నుంచి దూరంగా జరిపి, కొద్దిగా తిప్పి చూడాలి. స్థానాన్ని బట్టి హమ్ హెచ్చుతగ్గులైతే అయస్కాంత క్షేత్రం కారణం.

4.5 పై పరీక్షలకు లొంగకుండా, వర్ణపటంలో 50 కంటే 100 హెర్ట్జ్ గీత బలంగా ఉంటే కెపాసిటర్లను అనుమానించాలి. ఎర్తు వలయం, అయస్కాంత క్షేత్రాలలో సాధారణంగా 50 హెర్ట్జ్ ప్రధానంగా కనిపిస్తుంది.

5. నివారణ మార్గాలు:

5.1 దూరం: అన్నిటికంటే చౌకైన మందు ఇదే. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం దూరంతోపాటు చాలా వేగంగా క్షీణిస్తుంది. దూరం రెట్టింపైతే సుమారుగా ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందంగా ఉంటుందని ఆంప్లిఫయర్ మీద డెక్‌ను పేర్చడం మానాలి. ఆడియో కేబుల్‌ను కరెంటు తీగల వెంట కాకుండా విడిగా నడపాలి. రెండూ దాటక తప్పనిచోట అడ్డంగా దాటించాలి.

5.2 ఒకే సాకెట్ బోర్డు: డెక్, ఆంప్లిఫయర్, ల్యాప్‌టాప్‌లను ఎర్తు గల ఒకే బోర్డుకు కలిపితే ఎర్తుల మధ్య భేదం తగ్గుతుంది. డిజిటలీకరణ జరిగే సమయంలో ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడపడం మరీ మంచిది. అప్పటికీ వలయం మిగిలితే ఆడియో తీగ మధ్యలో ఒకటికొకటి నిష్పత్తి గల ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌ను చేర్చాలి. అది పాటను అయస్కాంత మార్గంలో దాటించి, తీగల మధ్య నేరు సంబంధాన్ని తెంచుతుంది.

5.3 చేయకూడని పని: హమ్ పోతుందని ప్లగ్గులోని ఎర్తు పిన్నును తీసివేయడం, దానికి టేపు చుట్టడం కొన్నిచోట్ల కనిపించే అలవాటు. ఇది ప్రాణాంతకం. లోపల తీగ తెగి లోహపు పెట్టెకు తగిలినప్పుడు విద్యుత్తును భూమికి మళ్లించి మనిషిని కాపాడేది ఆ పిన్నే. విడదీయవలసింది ఆడియో మార్గాన్ని మాత్రమే, రక్షణ ఎర్తును ఎన్నడూ కాదు. ఇంట్లో ఎర్తు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్షింపజేయాలి.

5.4 యాంత్రిక కంపనానికి: పెట్టె కింద రబ్బరు దిమ్మలు ఉంచితే బల్ల మోగడం తగ్గుతుంది. మరలు బిగించడం, కెపాసిటర్లు మార్చడం టెక్నీషియన్ పనులు. ప్లగ్గు తీసిన తరువాత కూడా పెద్ద కెపాసిటర్లలో విద్యుదావేశం నిలిచి ఉంటుందని మరవరాదు. కొన్ని సమయాల్లో మాత్రమే ట్రాన్స్‌ఫార్మర్ గట్టిగా మోగుతుంటే దోషం సరఫరాలో ఉండవచ్చు. వాడకం తగ్గిన రాత్రివేళ వోల్టేజీ పెరిగితే ఉక్కు గర్భం సంతృప్త స్థితికి చేరుతుంది. సగం శక్తి మీద నడిచే కొన్ని హెయిర్ డ్రయర్లు తరంగంలో ఒక సగాన్నే వాడుకొని సరఫరాలో స్వల్ప ఏకముఖ వోల్టేజీని కలిగిస్తాయి. ముఖ్యంగా వలయాకార ట్రాన్స్‌ఫార్మర్లు దీన్ని ఏమాత్రం ఓర్చుకోలేవు. అటువంటి చోట ఏకముఖ వోల్టేజీని అడ్డుకునే డి.సి. బ్లాకర్‌ను టెక్నీషియన్ చేత అమర్పించవచ్చు.

5.5 ఇన్వర్టర్: చతురస్ర తరంగాన్నిచ్చే ఇన్వర్టర్ మీద నడిచే ట్రాన్స్‌ఫార్మర్ జుయ్‌మంటుంది. ఆ తరంగంలోని బేసి గుణిజాలు ధ్వనిలో కూడా కలుస్తాయి. కరెంటు పోయిన వేళ పని ఆపడమే మేలు. సైన్ తరంగ ఇన్వర్టర్‌తో ఈ బాధ తక్కువ.

5.6 విదేశీ పరికరాలు: అమెరికాలోని బంధువులు పంపిన నాణ్యమైన డెక్‌లు, రికార్డ్ ప్లేయర్లు మన ఇళ్లలో కనిపిస్తుంటాయి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మాత్రమే మారుస్తుంది, 50 హెర్ట్జ్‌ను 60గా మార్చలేదు. 60 హెర్ట్జ్ కోసమే రూపొందిన ట్రాన్స్‌ఫార్మర్‌ను అదే వోల్టేజీతో 50 మీద నడిపితే గర్భంలో అయస్కాంత అభివాహం 20 శాతం పెరుగుతుంది. మోత, వేడి రెండూ హెచ్చుతాయి. సరఫరా పౌనఃపున్యాన్ని అనుసరించే మోటారు గల రికార్డ్ ప్లేయర్ ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. పరికరం వెనుక 50/60 హెర్ట్జ్ అని ఉన్నదో లేదో ముందుగా చూసుకోవాలి.

6. టేపులోనే ఉన్న హమ్ - తొలగింపు, సాక్ష్యం:

6.1 పరికరాల హమ్‌ను పూర్తిగా నివారించిన తరువాత మిగిలింది మూల ముద్రణలోని హమ్. ఇక్కడ సాఫ్ట్‌వేర్ పని మొదలవుతుంది. అయితే తొలి ఫైలు మీద ఏ తొలగింపూ చేయరాదు. ధ్వని, దృశ్యశ్రవణ ఆర్కైవుల అంతర్జాతీయ సంఘం మార్గదర్శకాల ప్రకారం అనలాగ్ మూలాలకు కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల స్థాయిలో ఎక్కించాలి. ఆ ఫైలును మార్చకుండా భద్రపరిచి, దాని ప్రతి మీద మాత్రమే శుద్ధి చేయాలి. ఏ ఫిల్టర్ ఎంత మేరకు వాడారో వివరాలను ఫైలుతోపాటు నమోదు చేయాలి.

6.2 శుద్ధికి 50, 100, 150 హెర్ట్జ్‌ల దగ్గర సన్నని గాడి వంటి నాచ్ ఫిల్టర్ తగినది. 150 హెర్ట్జ్‌కు దిగువ ఉన్నదంతా ఒకేసారి కోసివేస్తే హమ్ పోతుంది. దానితోపాటు పురుష స్వరాల ఆధారధ్వని, వాద్యాల అడుగు మోత కూడా పోతాయి. నాద స్పర్శాల అడుగు పట్టీ చెరిగిపోయి ఈసారి ‘బ’ కాస్తా ‘ప’లా కనిపిస్తుంది. హమ్ వల్ల జరిగే పొరపాటుకు ఇది సరిగ్గా ఎదురు పొరపాటు. కాబట్టి ధ్వని విశ్లేషణకు శుద్ధిప్రతిని కాక మూలప్రతినే ఆధారం చేసుకోవాలి.

6.3 మూలప్రతిని కాపాడడానికి మరొక కారణం కూడా ఉంది. టేపులోని హమ్ ఒక కొలబద్ద. ముద్రణ నాటి సరఫరా 50 హెర్ట్జ్ అయి ఉండి, ఇప్పుడు ఆ హమ్ 52 దగ్గర కనిపిస్తే, టేపు 4 శాతం వేగంగా నడుస్తున్నదని అర్థం. అంటే గాయకుని శ్రుతి అర్ధస్వరంలో సుమారు మూడింట రెండు వంతులు హెచ్చుగా వినిపిస్తున్నదన్నమాట. శ్రుతి, లయల గురించి తీర్పు చెప్పే ముందు దీన్ని సరిదిద్దాలి.

6.4 అయితే ఈ కొలబద్దను గుడ్డిగా నమ్మరాదు. 1990ల్లో విద్యుత్ కొరత వల్ల దక్షిణ గ్రిడ్ పౌనఃపున్యం 50 నుంచి గణనీయంగా పడిపోతూ ఉండేది. 2003 జనవరిలో లభ్యతాధారిత టారిఫ్ విధానం అమలులోకి వచ్చిన తరువాత అది బాగా కుదుటపడింది. 2013 డిసెంబరు 31న దక్షిణ గ్రిడ్ దేశంలోని మిగిలిన గ్రిడ్‌తో అనుసంధానమైంది. ప్రస్తుత నియమావళిలో అనుమతించిన పరిధి 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మాత్రమే. కాబట్టి కొరత కాలపు క్యాసెట్లలో హమ్ సాక్ష్యాన్ని హార్మోనియం వంటి స్థిరశ్రుతి వాద్యంతో సరిచూసుకోవాలి. న్యాయవైజ్ఞానిక రంగంలో ఇదే స్వల్ప హెచ్చుతగ్గుల క్రమాన్ని గ్రిడ్ దత్తాంశంతో పోల్చి, ముద్రణ జరిగిన సమయాన్ని, మధ్యలో కత్తిరింపులను గుర్తించే పద్ధతి వాడుకలో ఉంది. హమ్‌ను పూర్తిగా తుడిచివేసిన ఫైలుకు ఈ అవకాశం ఉండదు.

7. ముగింపు:

- హమ్ ఒకే దోషం కాదు. మూలాన్ని నిర్ణయించకుండా కేబుళ్లు, ఫిల్టర్లు మార్చడం వృథా ప్రయాస.
- పెట్టె నుంచి వినిపించే మోత రికార్డింగును చెడగొట్టకపోవచ్చు. ఏమీ వినిపించని పెట్టె నుంచి కూడా ఫైలులోకి హమ్ చేరవచ్చు.
- దూరం పాటించడం, ఒకే సాకెట్ బోర్డు వాడటం, ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడపడం అనే మూడు జాగ్రత్తలకు దాదాపు ఖర్చు లేదు. ముందుగా వీటినే ప్రయత్నించాలి.
- ఎర్తు పిన్నును ఏ కారణంతోనూ తొలగించరాదు.
- పరికరాల హమ్‌ను ఎక్కించకముందే నివారించాలి. టేపులోని హమ్‌ను ప్రతిలో మాత్రమే తొలగించాలి.
- పరుష సరళాల భేదం, శ్రుతి, వేగం వంటి అంశాలపై నిర్ణయాలు చేసే పరిశోధకులు తమ ఫైలులో హమ్ స్థితిని, వాడిన ఫిల్టర్లను పరిశోధన పత్రంలో పేర్కొనాలి.

తాళపత్రాన్ని పరిష్కరించే పండితుడు చెదపురుగు తిన్న చోటును, లేఖకుని ప్రమాదాన్ని, కవి ఉద్దేశించిన పాఠాన్ని వేరుచేసి చూస్తాడు. ధ్వని పాఠానికి కూడా అటువంటి పరిష్కరణ అవసరం. ఏది గాయకునిది, ఏది టేపుది, ఏది మన ఇంటి కరెంటుది అని విడదీసి చెప్పగలిగినప్పుడే ఆ క్యాసెట్టు నమ్మదగిన ఆకరంగా నిలుస్తుంది.